తేనెటీగల మీద లోహ కాలుష్య ప్రభావం: యాడికి పరిసరాలు

సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, రాగి, జింకు, మాంగనీసు, సెలీనియం వంటి మూలకాలు ధూళితో, నీటితో, పూల మకరందంతో, పుప్పొడితో తేనెటీగ ఒంట్లోకి చేరతాయి. మోతాదు మించితే దాని పెరుగుదలను, జ్ఞాపకశక్తిని, ఆయుష్షును కుంచిస్తాయి. ఆర్సెనిక్, సెలీనియం శాస్త్రం లెక్కలో పూర్తి లోహాలు కావు. అయినా ఈ చర్చలో వాటినీ లోహాలతో కలిపే చెబుతారు. పురుగుమందు పడిన తోటలో ఈగలు పట్టు కింద కుప్పలుగా రాలతాయి, రైతు కంటికి కనబడుతుంది. లోహం పని వేరుగా ఉంటుంది. మేతకు వెళ్ళిన ఈగ ఇల్లు చేరదు. పట్టులో ఈగలు పలచబడతాయి, తేనె తగ్గుతుంది. వానలు లేక పూలు లేవు, అందుకే ఈగలు లేవు అని అందరూ సరిపెట్టుకుంటారు. కరువు నేలలో ఈ పొరపాటు చాలా తేలిగ్గా జరిగిపోతుంది.

యాడికి అనంతపురం జిల్లా ఈశాన్య భాగంలో, తాడిపత్రికి వాయవ్యంగా ఉన్న మండల కేంద్రం. జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ కుదురుగా పడదు. కడప, కర్నూలు శిలా సముదాయాలు విస్తరించిన నేల ఇది. 1872లో విలియం కింగ్ ఆ శిలల మీద రాసిన గ్రంథం నుంచి నేటి దాకా భూగర్భ శాస్త్రంలో ఒక రాతి వరుస తాడిపత్రి పేరునే మోస్తోంది. సున్నపురాయి పుష్కలం. కోన ఉప్పలపాడు గుహలు ఆ సున్నపురాయిని నీరు కరిగించి తొలిచినవే. యాడికి, తాడిపత్రి మండలాల్లో సిమెంటు కర్మాగారాలు, వాటి గనులు, బండలు కోసి నునుపు చేసే పాలిష్ యూనిట్లు వెలిశాయంటే ఆ రాయి వల్లనే. పక్కనే సెనక్కాయ చేలు, కంది, పొద్దుతిరుగుడు, పత్తి, బోరు నీళ్ళున్న చోట చీనీ తోటలు, దానిమ్మ తోటలు. తేనెటీగ బతుకంతా ఈ రెండింటి నడుమే.

ఇక్కడి ఈగలు, వాటి మేత

దక్షిణాదిలో తేనె కూర్చే ఈగలు ప్రధానంగా నాలుగు రకాలు. కొండ చరియలకు, ఎత్తయిన చెట్లకు, నీళ్ళ ట్యాంకుల అడుగుకు ఒకే పెద్ద పట్టు కట్టేది పెద్ద తేనెటీగ. దీన్నే కొండ తేనెటీగ అని కూడా అంటారు. పొదల్లో, కొమ్మల మీద అరచేతి వెడల్పు పట్టు పెట్టేది జుంటి తేనెటీగ. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో చీకటి చూసుకుని వరుసగా పట్లు కట్టే పుట్ట తేనెటీగను పెట్టెల్లో పెంచుతారు. ఐరోపా తేనెటీగను పెట్టెలతో పాటు లారీల్లో పూల వెంట తిప్పుతారు. వీటితో పాటు కుట్టలేని ముసర ఈగలు కూడా ఉన్నాయి. పెద్ద తేనెటీగ వలస జీవి. పూలు ముగిసే సరికి పట్టు వదిలి వెళ్ళి, కాలం తిరిగాక తరచూ అదే చెట్టుకు, అదే బండకు వస్తుంది.

కరువు సీమలో ఈగలను నిలబెట్టేది పంటల కన్నా చెట్లే. వేప, చింత, కానుగ, తుమ్మ, ఎక్కడ చూసినా మొలిచే సర్కారు తుమ్మ. జుంటి తేనెటీగకు చింతపూలు ఎంత ముఖ్యమో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి.జి.కె. రామానుజం, టి.పి. కల్పన తేనెలోని పుప్పొడి రేణువులను సూక్ష్మదర్శినిలో లెక్కించి 1992లో ప్రచురించారు. ఆ చింతలు, వేపలు ఎక్కువగా రోడ్ల పక్కనే ఉంటాయి. గని నుంచి రాయి మోసే లారీలు తిరిగేదీ ఆ రోడ్ల మీదే. పూలు తక్కువున్న నెలలో ఈగకు ఎంచుకునే అవకాశం ఉండదు. దుమ్ము పట్టిన పువ్వయినా పువ్వే.

లోహం ఎక్కడి నుంచి వస్తుంది

ముందుగా ఒక మాట. సున్నపు ధూళి అంతా విషం కాదు. సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బనేటు, లోహాలు స్వల్పమే. అయితే సిమెంటు బట్టీలోకి వెళ్ళేది సున్నపురాయి ఒక్కటే కాదు. ఇనుప ఖనిజం, బంకమన్ను, బొగ్గు కూడా వెళ్తాయి. బట్టీలో వేడి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్. ఆ వేడికి పాదరసం, థాలియం, కాడ్మియం, సీసం వంటివి ఆవిరై, చల్లబడేటప్పుడు అతి సన్నని ధూళి రేణువుల మీద పేరుకుంటాయి. వడపోత సంచులకు చిక్కకుండా తప్పించుకునే అవకాశం ఉన్నవి కూడా ఆ సన్నని రేణువులే. సిమెంటులో ఉండే క్రోమియం తాపీ మేస్త్రీల చేతులకు ఎలాంటి గజ్జి తెస్తుందో వాళ్ళ ఇళ్ళలో అందరికీ తెలుసు.

వేలు కర్మాగారాల వైపే చూపిస్తే సగం నిజమే చెప్పినట్టు. చీనీలో గజ్జి తెగులుకు కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతారు. బంక తెగులుకు మాను మీద బోర్డో ముద్ద పూస్తారు. దానిమ్మ మచ్చ తెగులుకూ రాగి మందే. ఆకులు పాలిపోతే జింకు సల్ఫేటు, మాంగనీసు సల్ఫేటు పిచికారీ చేస్తారు. అందరి ఇళ్ళలో ఉండే మాంకోజెబ్ లోనూ మాంగనీసు, జింకు ఉంటాయి. ఫాస్ఫేటు ఎరువుల్లో రాతి నుంచి వచ్చిన కాడ్మియం కొంత ఉంటుంది. వాహనాల బ్రేకుల నుంచి రాగి, టైర్ల నుంచి జింకు రాలతాయి. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000లో ఆగిపోయింది. కానీ అంతకు ముందు దశాబ్దాల పాటు రోడ్డు పక్క మట్టిలో దిగిన సీసం కుళ్ళేది కాదు, ఇంకేదో అయ్యేదీ కాదు. ఎక్కడ పడిందో అక్కడే ఉంటుంది. గాలి లేస్తే దుమ్ముతో పాటు లేస్తుంది.

ఒంటికి ఎలా పడుతుంది

తేనెటీగ ఒంటి మీద సుమారు 30 లక్షల రోమాలు ఉంటాయని లెక్క. ఎగిరేటప్పుడు గాలి రాపిడికి దాని ఒంట్లో విద్యుదావేశం పుడుతుంది. పువ్వు దగ్గరికి రాగానే పుప్పొడి దానంతటదే ఎగిరి రోమాలకు అతుక్కుంటుంది. పుప్పొడి కోసం ప్రకృతి కల్పించిన ఈ ఏర్పాటు ధూళికీ అలాగే పనిచేస్తుంది. పువ్వు మీద నుంచి లేచిన ఈగ గాలిలో ఒక క్షణం ఆగి ఏం చేస్తుందో దగ్గర నుంచి చూడాలి. ముందుకాళ్ళతో తలను, కళ్ళను తుడుచుకుంటుంది. నడిమి కాళ్ళతో ఛాతీని దువ్వుతుంది. అంతా వెనక కాళ్ళకు అందించి, కాస్త మకరందంతో తడిపి, పుప్పొడి బుట్టలోకి ముద్దగా నొక్కుతుంది. ఏది పుప్పొడి, ఏది దుమ్ము అన్న ఎంపిక అందులో ఉండదు. ఆ ముద్ద పట్టుకు చేరి అరలో పులుస్తుంది. దాన్ని దాది ఈగలు తిని, తలలోని గ్రంథుల నుంచి స్రవించే పాలతో పిల్లపురుగులను పోషిస్తాయి.

ఇటలీ పరిశోధకులు సార్డీనియా దీవిలోని పాత గనుల ప్రాంతంలో ఈగలను పట్టి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూసి 2015లో వివరాలు ప్రచురించారు. ధూళి ఒంటినిండా సమంగా లేదు. ముందు రెక్కల అంచున, తల మధ్య గీత వెంట, వెనక కాళ్ళ లోపలి వైపున గుమిగూడి ఉంది. యాడికి వాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ 2018లో వచ్చింది. అదే దేశంలో ఒక సిమెంటు కర్మాగారం సమీపాన తిరిగే ఈగల మీద ఇలాంటి పరీక్షే చేశారు. ఒంటి మీది రేణువుల ఆకారాన్ని, అందులోని మూలకాలను బట్టి అవి ఎక్కడి నుంచి వచ్చాయో విడదీసి చెప్పగలిగారు. ఈగ ఒళ్ళే ఊరి గాలికి లెక్కల పుస్తకం.

రెండో దారి నీరు. పట్టులో పిల్లపురుగులుండే చోట వేడి 34, 35 డిగ్రీలు దాటకూడదు. ఏప్రిల్, మే నెలల్లో బయట 42 డిగ్రీలుంటే ఈగలు నీళ్ళు మోసుకొచ్చి అరల మీద పలచగా పరిచి, రెక్కలతో విసిరి చల్లబరుస్తాయి. ఆ కాలంలో వంకలూ కుంటలూ ఎండి ఉంటాయి. మిగిలేవి బోరు దగ్గరి తేమ, చీనీ చెట్టు కింద డ్రిప్పు పైపు కక్కే చుక్క, పాలిష్ యూనిట్ల వెనక తెల్లటి బురద గుంట. అంచు తడి మట్టి మీద ఈగలు వరుసగా వాలి, తలలు దించి, పొట్టలు ఆడిస్తూ నీరు పీలుస్తుంటాయి. స్వచ్ఛమైన నీటి కన్నా వాసనో ఉప్పో ఉన్న నీటి వైపే అవి మొగ్గుతాయి. బురద గుంట మీద మోజు అందుకే. మూడో దారి మొక్క. వేళ్ళు మట్టిలో నుంచి తీసుకున్న కాడ్మియం, జింకు, సెలీనియం మకరందంలోకీ పుప్పొడిలోకీ వస్తాయి. పువ్వును ఎంత కడిగినా పోవు.

బెంగళూరులో తేలింది

ఈ ప్రాంతానికి దగ్గరలో జరిగిన గట్టి పరిశోధన బెంగళూరుది. జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో షానన్ ఓల్సన్ బృందం, అందులో ముఖ్యంగా గీతా తిమ్మేగౌడ, మూడేళ్ళ పాటు నగరంలోనూ చుట్టుపక్కలా నాలుగు చోట్ల 1,800 పైచిలుకు పెద్ద తేనెటీగలను పరిశీలించారు. ఫలితాలు 2020 ఆగస్టులో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చాయి. కాలుష్యం ఎక్కువున్న చోట పూల మీద వాలే ఈగలు తక్కువ. వాటి ఒళ్ళు సీసం, ఆర్సెనిక్ వంటివి ఉన్న ధూళితో కప్పుకుపోయి ఉంది. గుండె లయ తప్పింది, రక్తకణాలు తగ్గాయి, ఒత్తిడినీ రోగనిరోధకతనూ నడిపే జన్యువుల పనితీరు మారింది. ఓ మోస్తరు కాలుష్యం, తీవ్ర కాలుష్యం ఉన్న చోట్ల పట్టి తెచ్చిన ఈగల్లో 80 శాతానికి పైగా 24 గంటల్లోపే చనిపోయాయి. నగర ధూళిలో లోహాలతో పాటు ఇంకా చాలా ఉంటాయి కాబట్టి ఈ నేరమంతా లోహానిదే అనడం సరికాదు. అయినా దీని విలువ మరో చోట ఉంది. పాశ్చాత్య దేశాల పరిశోధనలు చాలావరకు పెట్టెలో పెరిగే ఐరోపా తేనెటీగ మీద జరిగాయి. ఇది మన చెట్ల మీది, మన ట్యాంకుల కిందిది, ఎవరూ పెంచని ఈగ.

నేర్పు పోవడం

ఈగ తెలివిని కొలవడానికి శాస్త్రజ్ఞులకు ఒక పాత పరీక్ష ఉంది. ఈగను సన్నని గొట్టంలో దూర్చి తల మాత్రమే బయట ఉంచుతారు. ఒక వాసన చూపించి, వెంటనే స్పర్శశృంగానికి చక్కెర నీరు తాకిస్తారు. ఈగ నాలుక చాపుతుంది. నాలుగైదు సార్లయ్యాక చక్కెర లేకపోయినా వాసనకే నాలుక చాపితే అది పాఠం నేర్చినట్టు. మేత ఈగకు ఈ పాఠమే బతుకు. ఏ వాసన వెనక మకరందం ఉందో, ఆ పువ్వు ఏ పొద్దున విచ్చుతుందో, తిరిగి ఇంటికి ఏ దిక్కో గుర్తు పెట్టుకోవాలి.

ఫ్రాన్సులోని తులూజ్ లో కొలీన్ మోంషనెన్, మాథ్యూ లియోరో, ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ బారన్ తదితరులు ఈ పరీక్షతో చేసిన పని ఈ రంగాన్ని మలుపు తిప్పింది. ఆర్సెనిక్, రాగి, సీసం ఏది తాగించినా నేర్పూ జ్ఞాపకమూ తగ్గాయని, కలిపి తాగిస్తే నష్టాలు ఒకదానికొకటి తోడవుతాయని 2021లో చూపించారు. ధూళిలో లోహం ఎప్పుడూ ఒంటరిగా రాదు కాబట్టి ఇది ముఖ్యం. అదే ఏడాది మరో ప్రయోగంలో పది వారాల పాటు స్వల్ప మోతాదులో సీసం తిన్న పట్టు ఈగలకు తలలు చిన్నవయ్యాయి. నేర్చుకున్నది మారినప్పుడు కొత్త పాఠానికి సర్దుకునే శక్తి తగ్గింది. తరవాత ప్రయోగశాల దాటి దక్షిణ ఫ్రాన్సులోని సాల్సిన్ బంగారు గని దగ్గరికి వెళ్ళారు. అది 2004లో మూతపడినా ఆర్సెనిక్ నిండిన మట్టి అక్కడే ఉంది. లోహ కాలుష్యం తగిలిన ఈగల మెదడు ఎదుగుదలా నేర్పూ దెబ్బతిన్నాయని 2024లో ప్రచురించారు.

తెలియకుండా తింటాయా అన్నది తరవాతి ప్రశ్న. తెలియదనే జవాబు వచ్చింది. ఆర్సెనిక్, సీసం, జింకు కలిపిన చక్కెర నీటిని, హాని చేసే మోతాదుల్లో కూడా, ఈగలు రుచి చూసి పసిగట్టలేకపోయాయి. కాలిఫోర్నియాలో సెలీనియం పీల్చుకున్న మొక్కల పూల మీదా అవి మామూలుగానే వాలాయి. చేదయితే ఉమ్మేసే అవకాశం ప్రాణికి ప్రకృతి ఇచ్చింది. లోహాల విషయంలో తేనెటీగకు ఆ రక్ష లేదు.

చీనీ రైతుకు నేరుగా సంబంధించింది మాంగనీసు. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో మాంగనీసు తిన్న ఈగలు వయసు రాకముందే మేతకు బయలుదేరాయి. అలా వెళ్ళినవి తక్కువ సార్లే తిరిగాయి. వాటి మెదడులో సంకేత రసాయనాల పాళ్ళు మారాయి. పట్టులో ఒక క్రమం ఉంటుంది. కూలి ఈగ మొదట అరలు శుభ్రం చేస్తుంది, తరవాత పిల్లలను సాకుతుంది, ఆ పైన మైనం కట్టి, కాపలా కాసి, చివరి వారాల్లో బయటికి వెళ్తుంది. మంచి రోజుల్లో దాని ఆయుష్షంతా ఐదారు వారాలే. దాది పని ముగియకముందే బయటికి పోతే లోపల పిల్లలను చూసే ఈగలు తగ్గుతాయి, తేనె తెచ్చేదీ ఉండదు.

పిల్లపురుగుల సంగతి చాలావరకు ఊహించదగ్గదే. కాడ్మియం, రాగి, సీసం మోతాదు పెరిగేకొద్దీ వాటి మరణాలు పెరిగి, ఎదుగుదల మందగించిందని 2016లో వచ్చిన ప్రయోగాలు చెబుతున్నాయి.

తేనె ఎందుకు శుభ్రంగా ఉంటుంది

ఇక్కడే అసలు చిక్కు. తేనెను పరీక్షకు పంపితే లోహాలు చాలా తక్కువగా ఉన్నాయని వస్తుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఈగ ఒళ్ళు, పుప్పొడి, పట్టు పగుళ్ళకు అంటించే జిగురు, ఇవి మూడూ పరీక్షిస్తే లెక్క వేరు. వాటిలో లోహం తేనెలో కన్నా ఎక్కువగా ఉంటుంది. మకరందం ఈగ తేనెసంచిలోకి దిగి, నోటి నుంచి నోటికి మారుతూ పట్టుకు చేరుతుంది. ఆ ప్రయాణంలో పుప్పొడి రేణువులూ ధూళీ తేనెసంచి చివరి కవాటం దగ్గర పట్టుబడి పేగులోకి పోతాయి. లోహం పేగు గోడల్లో, కొవ్వు కణజాలంలో ఆగిపోతుంది. కొంత భాగాన్ని మెటల్లోథియోనిన్ అనే ప్రోటీన్ కట్టిపడేస్తుంది. అరలో మిగిలేది వడకట్టిన తేనె. ఆ వడపోత గుడ్డ ఈగ శరీరమే. మన సీసాలోని తేనె శుభ్రంగా ఉందంటే దాన్ని తెచ్చిన ఈగ ఆరోగ్యంగా ఉందని కాదు. ఆ మురికి తనలో ఉంచుకుని వచ్చిందని అర్థం. తేనె పరీక్ష మనిషి కోసం చేసేది. ఈగ కోసం చేసే పరీక్ష ఈగ మీదే జరగాలి.

అయినా తేనె కూడా కొంత చెబుతుంది. పారిస్ లో 2019 ఏప్రిల్ లో నోత్ర్ దామ్ చర్చి పైకప్పు కాలి సీసం గాలిలోకి లేచింది. ఆ జులైలో గాలివాటున ఉన్న పెట్టెల తేనె తీసి చూస్తే నగరంలోని మిగతా తేనెల కన్నా సీసం ఎక్కువగా ఉంది. అయితే అత్యధికంగా వచ్చింది కూడా కిలోకు 0.08 మిల్లీగ్రాములే, ఐరోపా పరిమితి 0.10. తినేవాళ్ళకు ప్రమాదం లేదు, పొగ దారి మాత్రం తెలిసింది. అంతకు చాలా ముందే, 1985లో, అమెరికాలోని ప్యూజెట్ సౌండ్ తీరంలో జెర్రీ బ్రోమెన్‌షెంక్ అక్కడి తేనెటీగల పెంపకందారుల సాయంతో ఈగలను పోగుచేసి, ఆర్సెనిక్, కాడ్మియం ఎక్కడెక్కడ పరుచుకున్నాయో పటం గీశారు. ఆయన పరీక్షించింది ఈగలనే.

మన ప్రమాణాలన్నీ మనిషి ఊపిరి లెక్కన, మనిషి తాగే నీటి లెక్కన పెట్టుకున్నవి. 2009 నాటి జాతీయ గాలి నాణ్యత ప్రమాణాల ప్రకారం ఏడాది సగటున ఘనపు మీటరుకు సీసం 0.5 మైక్రోగ్రాములు, ఆర్సెనిక్ 6 నానోగ్రాములు మించకూడదు. తాగునీటిలో ఒక్కో దానికీ లీటరుకు 0.01 మిల్లీగ్రాము. పది కోట్ల మిల్లీగ్రాముల దాకా తూగే మనిషికి, వంద మిల్లీగ్రాములు తూగే ఈగకు ఒకే కొలత ఎలా సరిపోతుంది? అనుమతి ఉన్న మోతాదుల లోపే పురుగు జాతులకు హాని జరుగుతోందని మోంషనెన్ బృందం 2021లో పాత పరిశోధనలన్నీ గుదిగుచ్చి చూపింది.

చేతిలో ఉన్న పని

యాడికి చుట్టూ గాలి తూర్పు పడమరలుగా మారుతూ ఉంటుంది, పెట్టెలు పెట్టే చోటు మాత్రం మన ఇష్టం. గనికీ రాయి లారీల రోడ్డుకూ గాలివాటున కాకుండా, పూత వచ్చే తోట లోపలి వైపు పెట్టాలి. పూత మీద ఉన్న చీనీ, దానిమ్మ తోటలో రాగి మందు, మాంగనీసు పిచికారీ అవసరమైతే సాయంత్రం ఈగలు ఇల్లు చేరాక కొట్టాలి. మందు డ్రమ్ము కడిగిన నీరు గుంటలో నిలవనీయకూడదు. తేనెకు పులుపు గుణం ఉంది. రేకు డబ్బాల్లో, జింకు పూసిన బకెట్లలో నిలవ ఉంచితే ఈగ వడకట్టి తెచ్చిన తేనెలో లోహం మనమే కలిపినట్టవుతుంది. గాజు సీసాలోనో స్టీలు క్యానులోనో పొయ్యాలి.

ఇక నీరు. ఒక వెడల్పు మట్టి చిప్పలో గులకరాళ్ళు పేర్చి, రాళ్ళ తలలు బయటికి కనబడేలా మంచినీళ్ళు పోసి పెట్టెల దగ్గర నీడలో ఉంచాలి. రాళ్ళు లేకపోతే ఈగలు మునిగి చస్తాయి. నీరు రోజూ మార్చాలి. ఈగలు ఒకసారి అలవాటు పడిన నీటి చోటును తేలిగ్గా వదలవు. బురద గుంట రుచి మరిగాక చిప్ప పెట్టి లాభం లేదు. పెట్టెలు దించిన రోజే, ఎండలు ముదరకముందే పెట్టాలి.